రెండు వందల పన్నెండో మార్పు

నేను ఒక పెన్ డ్రైవ్‌ను. వేలెడంత కూడా ఉండను. మూత ఎప్పుడో పోయింది, వంటి మీద కంపెనీ పేరు అరిగి చివరి రెండక్షరాలు మిగిలాయి. దీనికి కూడా ఒక ఆత్మకథా అని మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, నాకేం ఫరవాలేదు. కానీ ఒక పుష్కరాల పన్నెండు రోజుల్లో నేను గోదావరిని నలభై ఎనిమిది సార్లు దాటాను. మీలో ఎవరైనా దాటారేమో చెప్పండి, చూద్దాం.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో ఒక కర్మాగారంలో, ఒక్క రోజులో నాలాంటి వాళ్ళం లక్షమంది పుట్టాం. బారసాల లేదు, ఉయ్యాల లేదు. అట్టకి అతికించి, పైన ప్లాస్టిక్ బిగించి, పెట్టెల్లో కుక్కి పంపేశారు. తెలివి వచ్చేసరికి గోదావరి గట్టున ఉన్న ఒక చిన్న ఊళ్ళో, భాస్కరం అనే ఆయన ఫోటో స్టూడియోలో మేకుకి వేలాడుతున్నాను.

భాస్కరం మంచివాడే గానీ తిక్కమనిషి. పెళ్ళి ఫోటోలు మూడు వేలు నాలోకి ఎక్కించేవాడు. పెళ్ళివారు చూసి, ఆ ఒక్క ఫోటోలో మేనమామ కళ్ళు మూసుకున్నాడు, మార్చమనేవారు. ఆ ఒక్కటి మార్చి మళ్ళీ మూడు వేలూ ఎక్కించేవాడు. ఫైలు పేరు 'ఫైనల్'. తరవాత 'కొత్త ఫైనల్'. ఆ తరవాత 'అసలు ఫైనల్'. ఒకసారి నా కడుపులో ఒకే పెళ్ళికి సంబంధించి ఏడు ఫైనళ్ళు ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏమిటో భాస్కరానికీ తెలీదు, పెళ్ళికొడుక్కీ తెలీదు. ఏం మారిందో రాసుకుంటే చాలు గదరా నాయనా అని నాకు అరవాలనిపించేది. నాకు నోరు లేదు, వెనకాల చిన్న ఎర్రదీపం ఉంది. అదే మిణుకుమిణుకుమనేది.

ఒక పెళ్ళి ఫోటోలతో పాటు నేను దమయంతి చేతికి వెళ్ళాను. తిరిగి ఇమ్మని భాస్కరం అడగలేదు, ఇవ్వాలని దమయంతికి గుర్తు రాలేదు. అలా ఆవిడదాన్నయిపోయాను.

దమయంతికి నలభై దాటాయి. ఆ ఊళ్ళో మూడు కంప్యూటర్లు, పది కుర్చీలతో ఒక శిక్షణ కేంద్రం నడిపేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళకి ఒక్కటే భయం. పరీక్ష కాగితంలో తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు. ఒక్క గీత గీసి పక్కన కొత్తది రాయాలి. చెరిపితే సున్నా. "తప్పు చెయ్యండి, నాకేం కోపం లేదు. కానీ చేసినట్టు కనపడాలి," అనేది. నాకు ఆవిడంటే మొదటి వారంలోనే ఇష్టం కలిగింది.

పుష్కరాలు వచ్చాయి. మా ఊరి గట్టున ఆరు రేవులు, అందులో పెద్దది పాతరేవు. అవతలి గట్టున ఇసుకరేవు. రెంటికీ మధ్య లాంచీలు. పుష్కరాలంటే జనం తప్పిపోవడం మామూలే. ఇక్కడ తోపులాటలో లాంచీ ఎక్కినవాళ్ళు అక్కడ తేలతారు. అక్కడివాళ్ళు ఇక్కడ తేలతారు. అంతకు ముందు పుష్కరాల్లో ఒక తల్లి ఈ గట్టున మైకు దగ్గరా, ఆమె కూతురు ఆ గట్టున మైకు దగ్గరా నిలబడి సాయంత్రం దాకా ఒకరినొకరు పిలుచుకుంటూనే ఉన్నారట. అందుకని ఈసారి రేవు సేవా సంఘంవాళ్ళు దమయంతిని అడిగారు. ఆవిడ రెండు గట్ల మీదా ఒక్కో బల్ల, ఒక్కో కంప్యూటర్ పెట్టించింది. పాతరేవు బల్ల దగ్గర తను. ఇసుకరేవులో కరీముల్లా. అతనికి ఆ ఒడ్డున జిరాక్సు, నెట్ దుకాణం ఉంది.

"రెండు కంప్యూటర్లలోనూ ఒకే పట్టిక ఉండాలి. ఇక్కడ రాసింది అక్కడ కనపడాలి, అక్కడ రాసింది ఇక్కడ. నెట్ మీద దానంతటదే వెళ్ళిపోతుంది," అంది దమయంతి. మొదటి రోజు తెల్లారేసరికి లక్షల ఫోన్లు గట్టెక్కాయి. నెట్ చచ్చింది. ఫోన్లు కూడా మోగడం మానేశాయి.

అప్పుడు ఆవిడ చేతి సంచీలోంచి నన్ను తీసింది.

నన్ను మొయ్యడానికి గవర్రాజు ఒప్పుకున్నాడు. ముప్పై మూడేళ్ళు పోస్టుమాను ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి, అరికాళ్ళు అరిగినా అలుపు లేదు. నాకు నల్లతాడు కట్టి మెళ్ళో వేసుకున్నాడు. నా జన్మకి అదే నగ.

"పట్టికంతా మొయ్యక్కర్లేదు బాబాయ్," అని దమయంతి చెప్పింది. "ఇందాకటి నుంచి ఇప్పటిదాకా ఏం మారిందో అది మోస్తే చాలు. కొత్తగా ఎవరు చేరారు, ఎవరి వివరం మారింది, ఎవరు దొరికారు. ప్రతి మార్పుకీ ఒక నంబరు. నూట ఇరవై తరవాత నూట ఇరవై ఒకటే ఎక్కాలి. వరస తప్పితే అవతల కంప్యూటరు ఆగిపోతుంది."

"ఆయ్, తెలిసిందమ్మా. ఉత్తరాల సంచీ. నిన్న పంచినవి ఇయ్యాల మళ్ళీ మొయ్యం గదా."

"అంతే. ఇంకోటి. మారిందని రాసినప్పుడు పాతదేమిటో, కొత్తదేమిటో రెండూ రాస్తాం. ఎవరు మార్చారో వాళ్ళ పేరు కూడా."

"పాతదెందుకమ్మా, పోయింది గదా?"

"ఎక్కడి నుంచి వచ్చామో తెలియకపోతే ఎక్కడికి చేరామో ఎలా తెలుస్తుంది బాబాయ్?"

గవర్రాజు తల గోక్కుని "అదీ నిజమే" అన్నాడు.

మూడు రోజులు మహా సరదాగా గడిచాయి. మనుషులు ఏమేం పోగొట్టుకుంటారో నేను చూశాను. ఒకాయన గొడుగు తప్పిపోయిందని గొడుగుకి వయసు రాయించాడు, పదకొండేళ్ళు. పదిమంది ఆడవాళ్ళు వచ్చి "మేం తప్పిపోలేదమ్మా, మా బస్సు తప్పిపోయింది" అని దెబ్బలాడారు. దమయంతి నవ్వకుండా, తప్పిపోయినవారు: బస్సు, అని రాసింది. గంట తరవాత ఇసుకరేవులో ఆ బస్సు డ్రైవరు తన పదిమంది ఆడవాళ్ళు తప్పిపోయారని రాయించాడు. రెండూ నాలోనే కలిశాయి. అలా కలిసినప్పుడల్లా నాకు చెప్పలేనంత సంతోషం.

నాలుగో రోజు అలా లేదు. ఎగువన వానలు పడి గోదావరి ఎర్రబడింది. పాతరేవులో నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి. పొద్దున్న ఎక్కే ఎండలో నేను ఇసుకరేవులో కరీముల్లా కంప్యూటరుకి తగిలించి ఉన్నాను. ఒక పెద్దావిడ తడిచీరతో బల్ల దగ్గరికి వచ్చింది. డెబ్బై ఏళ్ళు దగ్గర పడ్డాయేమో.

"ఎవరమ్మా తప్పిపోయారు?" అన్నాడు కరీముల్లా.

"మా ఆయన నాయనా. కాదు, తప్పిపోయింది నేనే. ఆయన అక్కడే ఉన్నారు. జనం ఒక్క తోపు తోస్తే లాంచీలో పడ్డాను. దిగుదావంటే అది కదిలిపోయింది."

"ఏ రేవులో ఎక్కారు?"

"ఏవో నాయనా. మెట్లున్నాయి."

ఆరు రేవులకీ మెట్లున్నాయి. ఊరేదంటే "లంక" అంది. గోదావరి పొడుగునా లంకలే, మా పట్టికలో సగం మంది ఊరు లంకే. పేరు అచ్చియ్యమ్మ అని రాయించింది. కరీముల్లా తలెత్తకుండానే "ఆయన పేరు?" అన్నాడు.

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అది నేను చెప్పకూడదు గదా."

"ఇప్పుడు కూడానా అమ్మా?"

"ఇప్పుడే చెప్పకూడదు నాయనా. యాభై ఏళ్ళ నుంచీ నా నోట రాలేదు. ఇంత గోదారి పెట్టుకుని ఇయ్యాల పలికితే, ఆయనకి ఏదన్నా అయితే?" ఆవిడ గోదావరి వైపు తిరిగింది. "ఆయనకి చూపు ఆనదు. ఎదురుగా నిలబడినా నేను మాట్లాడితేనే పోలుస్తారు. నన్ను నీళ్ళు లాగేశాయనుకుని వెతకడానికి దిగిపోతారు. దిగితే పైకెలా వస్తారు నాయనా? నీళ్ళు పెరుగుతున్నాయంట గదా?"

ఎవరైనా అయితే విసుక్కునేవారు. కరీముల్లా విసుక్కోలేదు. వాళ్ళ నాన్నమ్మ కూడా భర్తను చచ్చేదాకా 'అబ్బాయి వాళ్ళ నాన్న' అనే అందట. పేరు గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోదు. అతను కాస్త ఆలోచించి 'అచ్చియ్యమ్మ గారి భర్త' అని రాశాడు. బెంచీ చూపించి, టీ తెప్పించి, "రేవు తెలీకుండా పంపిస్తే మళ్ళీ తప్పిపోతావమ్మా. కూచో. కబురు వెళుతోంది," అన్నాడు.

ఆ కబురు నేనే. గవర్రాజు రొమ్ము మీద ఊగుతూ గోదావరి దాటాను. ఆత్రంలో ఆయన కూడా లాంచీలో కూర్చోలేకపోయాడు. పాతరేవులో దమయంతి మార్పులు ఎక్కించి, అచ్చియ్యమ్మ కోసం ఎవరైనా వచ్చారేమోనని పట్టికలో వెతికింది. ఎవరూ లేరు. "ముసలాయన ఇంకా మన దగ్గరికి రాలేదు బాబాయ్. వస్తే పట్టుకుందాం," అంది. ఆవిడ పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు పాపం. పెరుగన్నం డబ్బా పట్టుకుని పక్క గుడారంలోకి వెళ్ళింది. ఆ కాసేపు కుర్చీలో కూర్చుంది కామేశ్వర్రావు.

ఈయన సంఘం కార్యదర్శి. రిటైరైన హెడ్మాస్టరు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దాడు, తన తప్పు ఒక్కటి కూడా ఎవరికీ దొరకనివ్వలేదు. చెడ్డవాడు కాదు. పరువు మనిషి, అంతే.

ఒక పూలమ్మి ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తెల్ల పంచె, భుజాన గుడ్డసంచీ. కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"మా ఇంటిది కనపడటం లేదండి. పొద్దుటి నుంచీ పిలుస్తున్నానండి, పలకటం లేదు."

"మీ పేరు?"

"తాతారావండి. లంకండి."

"ఆవిడ పేరు?"

"అచ్చియ్యమ్మండి."

కామేశ్వర్రావు టైపు చేసి మీట నొక్కాడు. అది రెండు వందల పదకొండో మార్పు. నా దీపం ఒక్కసారి వెలిగింది. దొరికాడు, దొరికాడు అని నేను లోపల గంతులు వేస్తున్నాను. ఇంతలో తాతారావు నాలిక కరుచుకున్నాడు.

"అయ్యయ్యో, అది కాదండి బాబూ! అది మా యమ్మ పేరండి. కంగారులో నోరు జారింది. బుల్లెమ్మ అని రాయండి. అందరూ బుల్లెమ్మనే అంటారండి."

కామేశ్వర్రావు దిద్దాడు. మారింది: పాతది అచ్చియ్యమ్మ, కొత్తది బుల్లెమ్మ. రెండు వందల పన్నెండు. చీర రంగు అడిగితే తాతారావు, "చూపు ఆనదండి, ముదురు రంగనుకుంటానండి" అన్నాడు. అక్కడే కుర్చీలో కూర్చోమంటే వినలేదు.

"ఇక్కడ కూకుంటే దానికెలా తెలుస్తుందండీ? నన్ను దింపిన మెట్టు దగ్గరికే గదండీ వస్తుంది." పూలమ్మి భుజం పట్టుకుని వెనక్కి మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

కామేశ్వర్రావు తెర వంక చూస్తూ ఉండిపోయాడు. రెండు వందల పదకొండు: ఒక తప్పు పేరు, పక్కనే 'రాసినవారు: కామేశ్వర్రావు'. అవతలి గట్టువాళ్ళు కూడా చూస్తారు. హెడ్మాస్టరు గారికి ఇది మింగుడు పడలేదు. అటూ ఇటూ చూశాడు. నాలో ఉన్న ఫైలు తెరిచి ఆ ఒక్క లైనూ చెరిపేశాడు. మూసేసి, కండువా సర్దుకుని, ఏమీ ఎరగనట్టు మైకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నా బాధ మీకెలా చెప్పను? నా కడుపులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉన్నారు. ఆవిడ అచ్చియ్యమ్మగా ఒక మూల, ఆయన భార్య బుల్లెమ్మగా ఇంకో మూల. బుల్లెమ్మే అచ్చియ్యమ్మ అని నాకు అనుమానం, గట్టి అనుమానం. చెప్పడానికి నోరు లేదు. దమయంతి తిరిగొచ్చి, అచ్చియ్యమ్మ కోసం ఎవరైనా వచ్చారేమోనని పట్టికలో మళ్ళీ వెతికింది. పట్టికలో ఇప్పుడున్న పేరే కనపడుతుంది గదా, లేదంది. ఇంకో పది మార్పులు చేర్చి నన్ను గవర్రాజుకి ఇచ్చింది. లాంచీ బయల్దేరుతుంటే సంఘంవాళ్ళు కింది మెట్ల మీద జనాన్ని పైకి పంపడం వినపడింది. అందులో తాతారావు ఉన్నాడో లేడో నాకు తెలీదు.

ఇసుకరేవులో కరీముల్లా నన్ను తగిలించాడు. రెండు వందల తొమ్మిది ఎక్కింది, పది ఎక్కింది. ఆగిపోయింది. తెర మీద ఎర్ర గీత. రెండు వందల పదకొండు ఎక్కడ? పన్నెండులో అచ్చియ్యమ్మను బుల్లెమ్మగా మార్చమన్నారు, మార్చడానికి పాతరేవులో రాసిన ఆ అచ్చియ్యమ్మ ఏది?

"ఇదేం ఖర్మ రా బాబూ," అన్నాడు కరీముల్లా. వెనక ఇంకో పది మంది మనుషుల కబుర్లు ఇరుక్కుపోయాయి. రోజూ అతను లైన్లు చదవడు. చదవాల్సిన పని లేదు, అవి వాటంతటవే ఎక్కుతాయి, అన్నీ ఎక్కాక కంప్యూటరు పేర్లు పోల్చి చెబుతుంది. ఇవాళ గొంతులో ముల్లులా ఆగిపోయింది కాబట్టి ఫైలు తెరిచి, వేలు పెట్టి పైకే చదివాడు.

"రెండు వందల పన్నెండు. పేరు. పాతది అచ్చియ్యమ్మ, కొత్తది బుల్లెమ్మ. వెతుకుతున్నది భర్త, తాతారావు. పాతరేవు మెట్లు."

వేలు ఆగింది. తల మెల్లగా బెంచీ వైపు తిరిగింది.

"అమ్మా, నిన్ను ఎవరైనా బుల్లెమ్మ అంటారా?"

"అందరూ అదే అంటారు నాయనా," అందావిడ, ఇందులో వింతేముందన్నట్టు.

"మరి పొద్దున్న చెప్పలేదేం తల్లీ?"

"మీరు రాసుకుంటుంటే కాయితాల్లో పేరు చెప్పాలి గదా! బుల్లెమ్మ ఇంట్లో పేరు. మా అత్తగారిదీ నాదీ ఒకే పేరు. కాపరానికెళ్ళిన రోజే మార్చేశారు. లేపోతే నన్ను తిట్టాలన్నా, పిలవాలన్నా ఆవిడ పేరే గదా అనాలి..." ఆవిడ హఠాత్తుగా ఆగిపోయింది. "నా సంగతెందుకు. ఆయన ఉన్నారా?"

"ఉన్నాడమ్మా. పాతరేవులో."

"పాతరేవంట," అని గాలికి చెప్పినట్టు చెప్పి లేచి నిలబడింది. టీ గ్లాసు అలాగే ఉంది. కరీముల్లా ఫోను చేసి చూశాడు, మోగలేదు. నన్ను ఊడబీకి గవర్రాజు మెళ్ళో వేసి, "పెద్దాయనా, పరిగెత్తండి. ఈమెని వెంటబెట్టుకుని," అన్నాడు.

ఆ లాంచీ ప్రయాణం పావుగంటే అంటారు. నాకు మాత్రం నమ్మకం లేదు. ఆవిడ లాంచీ అంచు కమ్మీ పట్టుకుని నీళ్ళనే చూస్తోంది. "మెట్లు ఎన్ని మునిగాయి బాబూ?" అని అడిగింది గవర్రాజుని. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. "వచ్చేశాం చెల్లెమ్మా, వచ్చేశాం," అన్నాడు.

పాతరేవులో మూడు మెట్లు మునిగి ఉన్నాయి. పూలమ్మి బుట్ట పైకి మార్చేసింది. తాతారావు ఏడని అడిగితే, ఇందాకటిదాకా ఇక్కడే ఉన్నాడంది. దమయంతి బల్ల దగ్గర గవర్రాజు రొప్పుతూ అంతా చెప్పాడు. అచ్చియ్యమ్మ, బుల్లెమ్మ అనేసరికి పక్కనున్న కామేశ్వర్రావు మొహం పాలిపోయింది.

"ఆ పదకొండు నేనే తీసేశానమ్మా," అన్నాడు దమయంతితో. ఆయన జీవితంలో అంత చిన్న గొంతుతో మాట్లాడి ఉండడు. "తప్పని తీసేశాను."

"అది తరవాత మాట్లాడుకుందాం మాస్టారూ. ముందు మైకు," అంది దమయంతి.

ఆయనే మైకు తీసుకుని తాతారావు గారూ, తాతారావు గారూ అని పిలిచాడు. గోదావరి జిల్లాలో ఆ పేరుకి కరువా? అయిదు నిమిషాల్లో నలుగురు తాతారావులు వచ్చి నిలబడ్డారు. ఒకాయన పాతికేళ్ళవాడు. అసలాయన రాలేదు. జనం, భజనలు, మైకులు, మేళాలు, అందులో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. పొద్దుటి నుంచీ వింటున్న గోలలో ఆయన తన పేరు పట్టించుకోలేదు. ఆయన చెవి వెతుకుతున్నది తన పేరు కోసం కాదు.

దమయంతి మైకు తెచ్చి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది. "మీరు పిలవండమ్మా. మీ గొంతయితే పోలుస్తారు."

ఆవిడ మైకు వంక చూసింది. పేరు పలకాలేమోనని దాన్ని వెనక్కి ఇవ్వబోయింది. నాకు కూడా భయం వేసింది. ఈ మాట నిజం. అప్పుడు ఆవిడ ఊపిరి పీల్చుకుని, యాభై ఏళ్ళ నుంచీ పెరటి గుమ్మంలోంచి ఎలా పిలిచిందో అలాగే పిలిచింది.

"ఏవండోయ్!"

రేవు మొత్తం మోగింది. మెట్ల మీద ఉన్న ముసలాళ్ళందరూ తలలెత్తారు. వందమంది ఉంటారు. కొందరు పక్కనున్న భార్యల్ని చూసుకుని, ఇది మనది కాదులే అని తల దించుకున్నారు. కింద, మునిగిన మెట్టు మీద, పడవ తాడు పట్టుకుని మోకాళ్ళ పైదాకా నీళ్ళలో నిలబడి, ఇంకో అడుగు వెయ్యబోతున్న ఒకాయన మాత్రం ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఎక్కడున్నావే?" అని అరిచాడు.

"ఇక్కడే ఉన్నాను. కదలకండి! వస్తున్నాను, కదలకండి!" మైకు గవర్రాజు చేతిలో పడేసి పరిగెత్తింది. జనం దారిచ్చారు. గవర్రాజు ఆవిడ వెనకే దూకాడు, ఆయన రొమ్ము మీద నేనూ. ఇద్దరూ కలిసి తాతారావుని పైకి లాగారు. మెట్టెక్కగానే ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, తిట్టింది.

"నీళ్ళలోకి ఎవరు దిగమన్నారు? హాఁ? నేను లేకపోతే ఒక్క పూట కూచోలేరా కుదురుగా?"

"నువ్వు మునిగిపోయావనుకున్నానే," అన్నాడాయన. అప్పుడు ఏడ్చింది.

బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. కామేశ్వర్రావు తనే వెళ్ళి రెండు కుర్చీలు తెచ్చాడు. ఆయన దమయంతి ముందు నిలబడి, చెరిపేసిన ఆ లైను మళ్ళీ తన చేత్తోనే, తన పేరుతోనే రాస్తానన్నాడు. రాశాడు. గవర్రాజు వెంటనే నన్ను అవతలికి మోసుకెళ్ళి, ఆగిపోయిన కబుర్లన్నీ ఎక్కించుకొచ్చాడు. ఆ లైను అలా చెరిగి ఉండకపోతే కరీముల్లా ఫైలు చదివేవాడే కాదు గదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. పైకి మాత్రం అనలేదు, కామేశ్వర్రావు మళ్ళీ చెరపడం అలవాటు చేసుకుంటాడని.

"దొరికారని ముగించాలి," అంది దమయంతి. "పెద్దాయనా, మీ ఆవిడ పేరు ఎలా ఉంచమంటారు? బుల్లెమ్మ అనేనా?"

"బుల్లెమ్మేలెండి. అలవాటయిపోయింది," అని ఆవిడే జవాబు చెప్పింది, చీర కొంగుతో ఆయన కాళ్ళు తుడుస్తూ.

తాతారావు చూపు ఆనని కళ్ళు ఆవిడ ఉన్న వైపు తిరిగాయి.

"మా యమ్మ పోయి ముప్పై రెండేళ్ళయిందండి," అన్నాడు. "ఇయ్యాల మీరు పేరడగ్గానే నా నోట ముందు వచ్చింది దీని పేరేనండి. పెళ్ళిచూపుల్లో విన్న పేరు. నేనే మళ్ళీ వెనక్కి లాక్కున్నాను. ఎవరికి భయపడ్డానో నాకే తెలీదు." ఆవిడ చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. "అచ్చియ్యమ్మా."

ఆవిడ తుడవడం ఆపేసింది. యాభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఆ పేరుతో తనని ఎవరూ పిలవలేదు. ఎలా పలకాలో తెలియనట్టు చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఊఁ," అంది చివరికి.

దమయంతి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తరవాత రాసింది. మారింది: పాతది బుల్లెమ్మ, కొత్తది అచ్చియ్యమ్మ. రాసినవారు: దమయంతి. చెప్పినవారు: భర్త.

ఆ వేళకి ఇక వేరే మార్పులేవీ లేవు. వానముసురు పట్టి లాంచీలు ఆపేస్తామంటున్నారు. "ఈ ఒక్క లైను రేపు పట్టుకెళదాంలే బాబాయ్," అంది దమయంతి. గవర్రాజు అప్పటికే నన్ను మెళ్ళో వేసేసుకున్నాడు. "రేపటిదాకా అక్కడ ఆవిడ బుల్లెమ్మగానే ఉండాలా అమ్మా?" అని ఆఖరి లాంచీ ఎక్కాడు. అవతల కరీముల్లా ఎదురుచూస్తూ గట్టు మీదే నిలబడి ఉన్నాడు. ఆ రోజు అతను లైను ఎక్కించక ముందే చదివాడు, రెండుసార్లు.

పుష్కరాలు అయిపోయాయి. గవర్రాజు నల్లతాడు విప్పి నన్ను దమయంతికి అప్పజెప్పాడు. తరవాత కొన్నాళ్ళు పిల్లల పరీక్ష కాగితాలు మోశాను. ఇప్పుడు మెళ్ళో వేసుకునేవాళ్ళు లేరు, కబుర్లన్నీ గాల్లోనే వెళుతున్నాయట, మంచిదే. దమయంతి బల్ల సొరుగులో, పిన్నుల డబ్బా పక్కన ఉన్నాను. అప్పుడప్పుడు తీసి తగిలిస్తుంది. అన్నీ చెరిపి ఖాళీ చేసింది గానీ ఆ ఒక్క ఫైలు ఉంచింది, అలవాటు కొద్దీ. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఆ లైను చదువుకుంటూ ఉంటాను.

ఆ పేరు మళ్ళీ మారినట్టు ఇంతవరకూ నాకు ఏ కబురూ రాలేదు.